అచ్చుపనివారి చేతులు: సిరా, రసాయనాల నుంచి చర్మరక్షణ

అచ్చుపని చేసేవారి చేతులకు వచ్చే చర్మశోథ వృత్తి వల్ల వచ్చే జబ్బుల్లో పాతది, తరచుగా కనిపించేది. జాగ్రత్త పడితే చాలావరకు రాకుండా ఆపగలిగినది కూడా. సిరాలు, వాటిని కడిగే ద్రావణులు, ప్లేట్లు, స్క్రీన్లు తయారుచేసే రసాయనాలు రోజూ తగులుతుంటే ముందు వేళ్ల సందుల్లో, ఉంగరం కింద చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. తర్వాత పొడిబారి, పొలుసులు లేచి, పగుళ్లు బారుతుంది. కొందరికి చిన్న చిన్న నీటిపొక్కులు లేస్తాయి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్‌లో అచ్చు కార్మికులను ప్రశ్నించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు పదిమందిలో నలుగురు ఏదో ఒక దశలో చర్మ సమస్యతో బాధపడినట్టు చెప్పారు. యంత్రాలూ వసతులూ మెరుగ్గా ఉన్న చోటే పరిస్థితి అలా ఉంది.

నల్లగొండ జిల్లాకు అచ్చుపని కొత్త కాదు. నిజాం పాలనలో, 1922లోనే, షబ్నవీసు వెంకట రామనరసింహారావు సంపాదకుడిగా నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. సీసం అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చి అచ్చు వేసిన ఆ కాలం పోయింది. హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న చిట్యాల వంటి పట్టణాలకు ఇప్పుడు అచ్చు అంటే పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు, చేతిసంచులు, ఫ్లెక్సీలు. ఈ పనుల్లో మినీ ఆఫ్‌సెట్, స్క్రీన్ ప్రింటింగ్, ఫ్లెక్సీ యంత్రం అనే మూడు పద్ధతులు కలుస్తాయి. ఒక్కోదానిలో చేతికి తగిలే రసాయనం వేరు, దాని హాని తీరు వేరు. పెళ్లిళ్ల నెలల్లోనూ ఎన్నికలప్పుడూ పని రాత్రింబవళ్లు సాగుతుంది కాబట్టి, చర్మానికి కోలుకునే వ్యవధి సరిగ్గా అప్పుడే దొరకదు.

చర్మం ఎలా కాపాడుతుంది

శరీరానికీ బయటి రసాయనాలకూ మధ్య అడ్డుగా నిలిచేది చర్మం పైన ఉండే మృతకణాల పొర. అరచేతులు, అరికాళ్లు మినహా మిగతా చోట్ల దాని మందం మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు మాత్రమే. చదునుగా ఎండిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నంలా పట్టి ఉంచుతాయి. నీరు లోపలినుంచి ఆవిరైపోకుండా, బయటివి లోపలికి దిగకుండా ఆపేది ఈ కొవ్వే. దీనికి తోడు చర్మం ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ 4.5 నుంచి 5.5 వరకు ఉంటుంది.

ఈ గోడకు శత్రువులు రెండు రకాలు. గాసునూనె, పెట్రోలు, థిన్నర్ వంటి ద్రావణులు కొవ్వును కరిగిస్తాయి. సిరాలోని నూనెను, జిగురును ఏ గుణం వల్ల కరిగిస్తాయో, చర్మంలోని కొవ్వునూ అదే గుణం వల్ల కరిగిస్తాయి. సిరాకు, చర్మానికి తేడా చూపే శక్తి ద్రావణికి లేదు. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి, ప్లేటు డెవలపర్ వంటి క్షారాలు రెండో రకం. ఇవి చర్మం ఆమ్లగుణాన్ని చెరిపి, కణాలను ఉబ్బించి, పట్టు సడలేలా చేస్తాయి. ఒకసారి తగిలితే చర్మం తనను తాను బాగుచేసుకుంటుంది. పైపొర మొత్తం కొత్తగా రావడానికి సుమారు 4 వారాలు పడుతుంది. రోజుకు పదిసార్లు తగిలితే మరమ్మతు కంటే నష్టమే ముందుంటుంది.

ఇందువల్లే అచ్చుపనిలో సాధారణ సిరా కంటే, ఆ సిరాను వదిలించడానికి వాడేదే చర్మాన్ని ఎక్కువగా పాడు చేస్తుంది. చేతికి అంటిన సిరా మరకను చూసి భయపడే పనివారు, మరకను పోగొట్టి చేతిని తెల్లగా చేసే గుడ్డను నమ్ముతారు. నమ్మకూడనిది ఆ గుడ్డనే.

రాపిడి, అలర్జీ: రెండు వేర్వేరు దారులు

రసాయనం తగిలి వచ్చే చర్మశోథలో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది రాపిడి వల్ల వచ్చేది. ఇక్కడ రాపిడి అంటే రసాయనం నేరుగా చర్మాన్ని దెబ్బతీయడం. స్పర్శ చర్మశోథల్లో అయిదింట నాలుగు వంతులు ఈ రకానివే. ఇది ఎవరికైనా రావచ్చు. ఎంత గాఢం, ఎంతసేపు, ఎన్నిసార్లు అనే మూడింటిని బట్టి తీవ్రత ఉంటుంది. తగలడం ఆపితే తగ్గుతుంది. చిన్నతనంలో ఎగ్జిమా ఉన్నవారి చర్మం మిగతావారికంటే త్వరగా లొంగుతుంది.

రెండోది అలర్జీ. ఇది కొందరికే వస్తుంది, కాని వచ్చాక జీవితాంతం ఉంటుంది. చిన్న అణువులు పైపొర దాటి లోపలి ప్రొటీన్లకు అతుక్కున్నప్పుడు, చర్మంలోని కాపలా కణాలు వాటిని పరాయివిగా గుర్తించి, శోషరస గ్రంథుల్లోని టీ కణాలనే రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. ఈ గుర్తింపు స్థిరపడడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. తర్వాత అదే పదార్థం కొద్దిగా తగిలినా 1 నుంచి 3 రోజుల్లో దురద, ఎరుపు, పొక్కులు లేస్తాయి. ఏళ్ల తరబడి ఏమీ కాని రసాయనం ఒకరోజు హఠాత్తుగా పడకపోవడానికి కారణం ఇదే. సోమవారం తగిలినదానికి బుధవారం పొక్కులు వస్తే పనివారు బుధవారం పనిని అనుమానిస్తారు, అసలు కారణం దాటిపోతుంది.

ఈ రెండు దారులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ద్రావణులతో గోడ బలహీనపడిన చర్మంలోకి అలర్జీ కలిగించే అణువులు తేలిగ్గా దిగుతాయి. కాబట్టి రాపిడిని ఆపడమంటే అలర్జీకి కూడా తలుపు మూయడమే.

ఏ పనిలో ఏముంది

మామూలు ఆఫ్‌సెట్ సిరాలో రంగుపొడి, రోజిన్ కలిపిన జిగురు, అవిసె లేదా సోయా నూనె, ఖనిజ నూనె, ఆరడానికి వేసే కోబాల్టు, మాంగనీసు లవణాలు ఉంటాయి. వీటిలో రోజిన్, కోబాల్టు కొందరికి అలర్జీ తెస్తాయి. అయినా ఆఫ్‌సెట్‌లో పెద్ద ప్రమాదం రోలర్లు, సిరాను కాగితానికి చేర్చే రబ్బరు బ్లాంకెట్ కడిగేటప్పుడే ఉంటుంది. ప్లేటును తడిపే ఫౌంటెన్ ద్రావణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఆమ్లం, సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే ఐసోథయాజొలినోన్లు ఉంటాయి. ఈ చివరివి చాలా తక్కువ మోతాదులోనే అలర్జీ కలిగిస్తాయి. ప్లేటు డెవలపర్ గాఢమైన క్షారం. అది కంటిలో పడితే చూపుకే ముప్పు.

స్క్రీన్ ప్రింటింగ్‌లో చూడవలసినది బైక్రోమేటు. నారింజరంగులో ఉండే ఈ ఉప్పును జిగురులో కలిపి స్క్రీనుకు పూసి, డిజైన్ పెట్టి వెలుతురు చూపిస్తారు. వెలుతురు సోకిన చోట క్రోమియం ఆరు సంయోజకత నుంచి మూడుకు మారి, జిగురులోని అణువులను ఒకదానికొకటి కట్టివేస్తుంది. అక్కడ పూత గట్టిపడి నీటికి కరగదు. చర్మంలోనూ జరిగేది ఇదే. ఆరు సంయోజకత క్రోమియం పైపొర దాటి లోపలికి వెళ్లి, మూడుకు మారి, చర్మం ప్రొటీన్లను పట్టుకుంటుంది. ఆ జంటనే శరీరం పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది. స్క్రీనును తయారుచేసే గుణమే చేతికి అలర్జీ తెచ్చే గుణమన్నమాట. బైక్రోమేటు గాయం మీద పడితే త్వరగా మానని లోతైన పుండ్లు పడతాయి. తాపీ మేస్త్రీల చేతులకు సిమెంటు వల్ల వచ్చే అలర్జీకి కారణం కూడా ఈ క్రోమియమే. 1981లో డెన్మార్క్ సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపించి దాన్ని హాని తక్కువ రూపానికి మార్చింది. ఆ తర్వాత అక్కడ నిర్మాణ కార్మికుల్లో ఈ అలర్జీ తగ్గింది. ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ కారకం కూడా. బైక్రోమేటు అవసరం లేకుండా పనిచేసే డయాజో, ఫోటోపాలిమర్ ఎమల్షన్లు ఉన్నాయి కాబట్టి స్క్రీన్ పనిలో చేయదగిన అతి పెద్ద మార్పు ఇదే.

ఫ్లెక్సీ యంత్రాల సాల్వెంట్ సిరాల్లో సైక్లోహెక్సనోన్ వంటి ద్రావణులు ఉంటాయి. ఇవి చర్మాన్ని ఎండబెట్టడమే కాక దాని గుండా రక్తంలోకి వెళ్తాయి. సిరా చిమ్మే హెడ్లు తుడిచేటప్పుడు, సిరా ట్యాంకులు నింపేటప్పుడు తగలడం ఎక్కువ.

యూవీ సిరాల సంగతి వేరు. వీటిలో ద్రావణి తక్కువ, కాని ఆక్రిలేట్లు ఉంటాయి. అతినీలలోహిత కాంతి పడ్డాక ఇవి గట్టి ప్లాస్టిక్‌గా మారి దాదాపు నిరపాయం అవుతాయి. కాంతి పడనంతవరకు ఆరవు. చొక్కా చేతి మీద, కళ్లజోడు మీద, తలుపు పిడి మీద గంటల తరబడి తడిగానే ఉండి, తాకినవారందరికీ అంటుకుంటాయి. ఆక్రిలేట్లు బలమైన అలర్జీ కారకాలు. వాటికి ఒకసారి అలర్జీ వచ్చిన వ్యక్తి ఆ సిరాతో పనిచేయడం కష్టం. దంతాల పూరకాలకు, కృత్రిమ గోళ్ల జిగురుకు కూడా అలాంటివారికి ఇబ్బంది రావచ్చు.

కడగడానికి వాడే పెట్రోలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశ ప్రమాణాల ప్రకారం పెట్రోలులో 1 శాతం వరకు బెంజీన్ ఉండవచ్చు. బెంజీన్ రక్త క్యాన్సర్ కలిగించే పదార్థం. కడిగే ద్రావణిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో జపానులో తేలింది. ఒసాకాలోని ఒక అచ్చు కర్మాగారంలో బ్లాంకెట్లు తుడిచిన పనివారిలో చిన్న వయసులోనే పిత్తవాహిక క్యాన్సర్ వచ్చిన సంగతి 2012లో వెలుగులోకి వచ్చింది. అక్కడ వాడిన 1,2-డైక్లోరోప్రొపేన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. అక్కడ ఆవిరి ఊపిరితిత్తుల ద్వారా లోపలికి పోయింది. చేతిని కాపాడే ఏర్పాట్లలో గాలి వెలుతురు కూడా ఎందుకు భాగమో దీన్నిబట్టి తెలుస్తుంది.

నివారణ క్రమం

చర్మరక్షణలో మొదటి మెట్టు తొడుగు కాదు. హానికరమైనదాన్ని మానడం, మార్చడం, దూరంగా ఉంచడం ముందు. అవి కుదరని చోట కప్పుకోవడం, ఆ తర్వాత కడుక్కోవడం.

మార్చడానికి అవకాశం ఉన్నవి చాలా ఉన్నాయి. బైక్రోమేటుకు బదులు డయాజో, పెట్రోలుకు బదులు త్వరగా ఆవిరికాని వాష్ ద్రవం వాడవచ్చు. డెన్మార్క్‌లో మొదలై, 1990లలో సబ్‌స్ప్రింట్ పేరుతో యూరప్‌లో ప్రచారమైన పద్ధతిలో ఆఫ్‌సెట్ రోలర్లను, బ్లాంకెట్లను వృక్ష నూనెలతో, వాటి ఎస్టర్లతో కడుగుతారు. నూనెతో చేసిన సిరాను నూనే కరిగిస్తుంది. సమయం కొద్దిగా ఎక్కువ పడుతుంది, కాని ఆవిరి రాదు, చర్మం ఎండదు. ఒక జాగ్రత్త తప్పనిసరి. అవిసె వంటి ఆరే నూనెలతో తడిసిన గుడ్డలను కుప్పగా పడేస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కి వాటంతట అవే అంటుకోవచ్చు. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి రోజూ ఖాళీ చేయాలి.

దూరం పెంచే మార్గాలు చౌకవి. గుడ్డను ద్రావణిలో ముంచి పిండే బదులు పంపు ఉన్న డబ్బా నుంచి కొద్దిగా పోయాలి. స్క్రీనులను పొడవు పిడి కుంచెతో కడగాలి. సిరా కలపడానికి కర్ర లేదా కత్తి వాడాలి, వేలు వాడరాదు. తడి గుడ్డను ప్యాంటు జేబులో పెట్టుకుంటే తొడ దగ్గర చర్మం గంటల తరబడి ద్రావణిలో నానినట్టే. థిన్నర్‌ను మంచినీళ్ల సీసాలో పోసి ఉంచడం మరో ప్రమాదం. ప్రతి డబ్బా మీద లోపల ఏముందో తెలుగులో రాసి ఉండాలి. సరఫరాదారు దగ్గర భద్రతా సమాచార పత్రం అడిగి తీసుకుంటే, దానిలో 8వ భాగం ఏ తొడుగు వాడాలో, 4వ భాగం ప్రథమ చికిత్స ఏమిటో చెబుతుంది.

తొడుగుల ఎంపిక

తొడుగు వేసుకున్నంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు. రసాయనం తొడుగు పదార్థంలోకి అణువు అణువుగా ఇంకి అవతలికి వస్తుంది. చిరుగు లేకపోయినా, కంటికి తడి కనిపించకపోయినా ఇది జరుగుతుంది. పల్చని రబ్బరు తొడుగులను గాసునూనె, నూనె సిరా త్వరగా ఉబ్బించి పాడుచేస్తాయి. నైట్రైల్ తొడుగులు నూనెలను, గాసునూనెను బాగా తట్టుకుంటాయి. టోలుయీన్, అసిటోన్ ఉన్న థిన్నర్‌కు మాత్రం పల్చని నైట్రైల్ కొద్ది నిమిషాల్లోనే లొంగుతుంది. అలాంటి పనికి సరఫరాదారు సూచించిన మందపాటి ప్రత్యేక తొడుగులు కావాలి.

ఒకసారి వాడి పారేసే తొడుగు తుంపరలకే. థిన్నర్ లేదా యూవీ సిరా తగిలిన వెంటనే తీసేసి కొత్తది వేసుకోవాలి. లోపల రసాయనం చేరిన తొడుగు ఒట్టి చేతి కంటే చెడ్డది, ఎందుకంటే అది రసాయనాన్ని చర్మానికి అదిమిపట్టి ఆవిరి కానివ్వదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే నల్లగొండ ప్రాంతంలో తొడుగు లోపల చెమట పట్టడం అసలైన ఇబ్బంది. చెమటలో నానిన చర్మం తేలిగ్గా దెబ్బతింటుంది. అందువల్ల కడిగే పనికి, రసాయనం కలిపే పనికి మాత్రమే తొడుగు వేసుకుని మిగతా సమయంలో తీసేయడం, లోపల పల్చని నూలు తొడుగు వేసుకోవడం మేలు.

తిరిగే రోలర్ల దగ్గర తొడుగు వేసుకున్న చేయి పెట్టకూడదు. రెండు రోలర్ల మధ్యకు తొడుగును యంత్రం లాక్కుంటే చేయి దాని వెంట పోతుంది. కడగడం ఎప్పుడూ యంత్రం ఆపాకే జరగాలి. చర్మాన్ని కాపాడబోయి చేతినే పోగొట్టుకోకూడదు.

కడుక్కోవడం

పని ముగిశాక చేతికి అంటిన సిరాను గాసునూనెతో, థిన్నర్‌తో, పెట్రోలుతో తుడుచుకోవడం ఈ వృత్తిలో అతి పెద్ద చెడ్డ అలవాటు. ఇసుకతో, రంపపు పొట్టుతో, బట్టల పొడితో రుద్దడం కూడా అలాంటిదే. దానికి బదులు కొబ్బరినూనె గాని పల్లినూనె గాని రెండు చేతులకు పట్టించి, ఒక నిమిషం మర్దన చేసి, మెత్తని గుడ్డతో తుడిస్తే నూనె సిరా వదులుతుంది. తర్వాత మామూలు ఒంటిసబ్బుతో కడిగితే చాలు. గోళ్ల అంచున మిగిలిన మరక హాని చేయదు, రెండు మూడు రోజుల్లో పోతుంది. యూవీ సిరా మాత్రం అంటిన వెంటనే, ఎండలోకి వెళ్లకముందే సబ్బునీటితో కడగాలి.

నల్లగొండ ప్రాంతపు బోరు నీళ్లకు ఈ విషయంలో సంబంధం ఉంది. ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు గురించి అందరికీ తెలుసు. చాలా బోర్ల నీరు కఠినజలం కూడా. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టుగా మారుతాయి. నురుగు రాదు, కాబట్టి ఇంకా సబ్బు రుద్దుతారు. ఆ తెట్టు చర్మం మడతల్లో మిగిలి మంట పెడుతుంది. కొద్ది సబ్బుతో, ఎక్కువ నీటితో, సబ్బు పూర్తిగా పోయేదాకా కడగడం ఇక్కడ మరింత అవసరం. నల్లాలో వచ్చే నది నీరు అందుబాటులో ఉంటే చేతులకు దాన్నే వాడడం మంచిది. వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవాలి. ఉంగరాలు పనికి ముందే తీసేయాలి.

కడిగిన వెంటనే, పడుకునే ముందు వాసన లేని పెట్రోలియం జెల్లీ గాని తేమనిచ్చే క్రీము గాని రాసుకుంటే కరిగిపోయిన కొవ్వుకు బదులు తాత్కాలిక పూత ఏర్పడి, చర్మం త్వరగా కోలుకుంటుంది. పనికి ముందు రాసే రక్షణ క్రీములు కడగడాన్ని తేలిక చేస్తాయి, అంతే. తొడుగుకు అవి ప్రత్యామ్నాయం కావు.

జబ్బును గుర్తించడం

వారానికి ఒకసారి పగటి వెలుతురులో చేతులు చూసుకోవడం, యజమాని పనివారి చేతులు చూడడం మంచి పద్ధతి. తొలి గుర్తు పొడిదనం. ఆ దశలో కారణాన్ని తొలగిస్తే మందు కూడా అక్కర్లేకపోవచ్చు. సెలవు రోజుల్లో తగ్గి, పనికి వచ్చాక తిరగబెడితే కారణం పనిలోనే ఉందని అర్థం.

చాలామంది దీన్ని తామర అనుకుని మందుల దుకాణంలో ట్యూబు కొంటారు. అలా అమ్మే చాలా మిశ్రమ క్రీముల్లో బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. తాత్కాలికంగా దురద తగ్గుతుంది, కాని చర్మం పల్చబడి రసాయనాలకు మరింత లోకువవుతుంది. రెండు వారాల్లో తగ్గకపోతే, పొక్కులు, చీము కనిపిస్తే చర్మవైద్యులను కలవాలి. చిట్యాలకు దగ్గరలోని నార్కట్‌పల్లి, నల్లగొండ, బీబీనగర్‌లలో వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. వెళ్లేటప్పుడు వాడే రసాయనాల పేర్లు, లేబుళ్ల ఫొటోలు తీసుకెళ్తే రోగనిర్ధారణ సులువవుతుంది. అలర్జీని తేల్చేది ప్యాచ్ పరీక్ష. దీన్ని 1890లలో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడస్సోన్ ప్రవేశపెట్టారు. అనుమానిత పదార్థాలను తగినంత పలచన చేసి వీపు మీద 48 గంటలు అతికించి, తీసినప్పుడు ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. సిరానో థిన్నర్‌నో పలచన చేయకుండా సొంతంగా చర్మం మీద పూసి పరీక్షించుకోవడం ప్రమాదం.

డెవలపర్ లేదా మరో గాఢ క్షారం చర్మం మీద, కంటిలో పడితే వెంటనే ధారగా నీటితో కడగడం మొదలుపెట్టాలి. కంటినైతే కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిమ్మరసం, వెనిగర్ పోసి విరుగుడు చేయబోకూడదు.

చట్టం చెప్పేది

1948 ఫ్యాక్టరీల చట్టం అక్షరాలు పేర్చడం, అచ్చు వేయడం, పుస్తకాల బైండింగ్‌ను తయారీ ప్రక్రియలుగా పేర్కొంది. పనివారు కడుక్కోవడానికి తగిన వసతి ఉండాలని 42వ సెక్షన్ చెప్పింది. రసాయనాలు, రంగులు తగిలి వచ్చే చర్మశోథను, రాపిడి, అలర్జీ రకాలు రెండింటినీ, అధికారులకు తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ చట్టం విద్యుత్తు వాడే చోట 10 మంది పనివారుంటే వర్తించేది. దాని స్థానంలో తెచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే పట్టణపు ప్రెస్సులు ఈ పరిధిలోకి రావు. అక్కడ యజమాని కూడా పనివారితో పాటే రోలర్లు కడుగుతాడు, అదే సిరా అతని చేతులకూ అంటుతుంది. తనిఖీ అధికారి రాని చోట భద్రత అతని నిర్ణయం మీదే ఆధారపడుతుంది. ఒక నైట్రైల్ తొడుగుల పెట్టె, మూత ఉన్న ఇనుప డబ్బా, ఒక సీసా కొబ్బరినూనె, సబ్బు, శుభ్రమైన తువ్వాలు, ఒక డబ్బా పెట్రోలియం జెల్లీ కడిగే చోట ఎప్పుడూ ఉంచితే, చిన్న ప్రెస్సులో చేతుల రక్షణకు కావలసిన సామగ్రి చాలావరకు సమకూరినట్టే.